షాహీన్ ఖాలా కుట్టిన టోపీ

మొన్న వేసవిలో మా దివాన్ కాట్ పరుపు మార్పిద్దామని కరీంనగర్ బజారులో ఒక ఫోమ్ దుకాణానికి వెళ్ళాను. లోపల ఒకతను నేల మీద కూర్చుని రెండు స్పాంజి పలకలకు రబ్బరు సొల్యూషన్ పూస్తున్నాడు. ఆ వాసన మీకు తెలిసే ఉంటుంది. పెట్రోలు లాంటి ఘాటు, దాని వెనక ఏదో తీపి, కాసేపు పీలిస్తే తల తిరుగుతుంది. గుమ్మంలోనే అది ముఖానికి కొట్టేసరికి పక్కకు తిరిగి "ఖాలా, ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకో" అనబోయాను. పక్కన ఎవరూ లేరు. దుకాణదారు "ఎంత మందం కావాలె మేడం" అని అడుగుతున్నాడు.

షాహీన్ ఖాలా, అంటే షాహీన్ పిన్ని, మా ఎదురింటి మనిషి. ఆమె భర్తకు ఒకప్పుడు బట్టల దుకాణం ఉండేది. ఆయన పోయాక దాన్ని కిరాయికిచ్చి, ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉండేది. ఒక్కడే కొడుకు, ఆదిలాబాద్‌లో ఉద్యోగం. పొడుగ్గా, ఎండిపోయినట్టుండే మనిషి. గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినబడేది. ఆమెకు క్రికెట్ పిచ్చి. మ్యాచ్ ఉన్న రోజు ఆమె ఇంట్లో కూర మాడిన వాసన మా వంటింట్లోకి వచ్చేది, ఆ వెనకే బౌలర్‌ను తిట్టే తిట్లూ వచ్చేవి. మేము ఆ వీధిలో కొత్తగా దిగినప్పుడు నేను ఆమెను "మీరు" అంటుండేదాన్ని. ఒకరోజు చాయ్ కప్పు నా చేతికిస్తూ "మీరు మీరు అంటే దావత్‌కు వచ్చిన సుట్టంలెక్క అనిపిస్తది బేటీ. నువ్వు అను" అంది. అప్పటినుంచి ఆమె నాకు నువ్వే.

మా అమ్మాయి వెన్నెలకు నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకునే రకం కాదు. నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే, ఎవరో లోపలి తీగ తెంపినట్టు, ముందుకు పడిపోయేది. పడేటప్పుడు చేతులు కూడా అడ్డం పెట్టుకునేది కాదు. కొన్ని క్షణాల్లో లేచి కూర్చునేది, కానీ ఆ లోపల నేలకు నుదురు తగిలిన చప్పుడు మా చెవుల్లో పడిపోయేది. హైదరాబాద్ డాక్టరు మందులు రాసి, "తగ్గుతుంది, కానీ టైం పడుతుంది. అప్పటిదాకా దెబ్బలు తగలకుండా చూసుకోండి" అన్నాడు. నా భర్త శ్రీనివాస్ ఆసిఫాబాద్ దగ్గర ఒక బడిలో టీచరు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవాడు. చూసుకోవడమంటే నేనే చూసుకోవడం. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం మానేశాను. పిల్లకు ఆరేళ్ళు వచ్చేసరికి బడివాళ్ళు కూడా చేతులెత్తేశారు. తోడు మనిషి ఉంటేనే పంపమన్నారు. ఇక బడి కూడా మాన్పించాను.

ఒక ఉదయం వెన్నెల వంటింటి గడప మీద పడింది. కనుబొమ్మ చిట్లి కుట్లు పడ్డాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచి నేను ఇంటిని కప్పడం మొదలుపెట్టాను. బీరువాలోని పాత బొంతలన్నీ బయటికి తీసి మంచం కోళ్ళకు చుట్టాను. గోడల మూలలకు దిండ్లు కట్టాను. గడపల మీద దుప్పట్లు మడతపెట్టి మేకులు కొట్టాను. ముందుగదిలో నేలంతా పరుపులు పరిచి, వెన్నెలను అందులో కూర్చోబెట్టి బొమ్మలిచ్చి, తలుపు దగ్గరగా వేశాను. కట్టడానికి చీర పేలికలు చాలక, తాడుకోసం వెతుకుతుంటే ఖాలా వచ్చింది. గుమ్మంలో నిలబడి గదంతా కలియజూసింది. ఆమె ఏదో ఒకటి అంటుందని నాకు తెలుసు.

"గిదేంది పద్మా?" అంది చివరికి.

"ఇంకా చానా కావాలి ఖాలా. గోడలకు ఫోమ్ షీట్లు కొట్టిద్దామనుకుంటున్న. కింద గూడ."

"గోడకు నొప్పి లేస్తదా?"

నాకు ఒళ్ళు మండింది. "పిల్లకు కనుబొమ్మ పగిలింది. నీకు పరాచికంగ ఉన్నదా?" అన్నాను.

ఆమె చెప్పులు విడిచి వచ్చి పరుపు మీద వెన్నెల పక్కన కూర్చుంది. "పరాచికం కాదు బేటీ. ఇల్లంతా మెత్తగ చేస్తవ్, మంచిదే. మరి బిడ్డ వాకిట్లకు పోతె? బజారుకు పోతె? కరీంనగర్ మొత్తానికి పరుపు కుడ్తవా? మెత్తటిది ఇంటికి కాదు, పిల్లకు తొడుగు. టీవీల చూస్తలేవా, బాల్ అంత జోరుగ వస్తదని స్టేడియానికి దుప్పటి కప్పుతున్నరా? ఆడెటోని నెత్తికి పెడ్తున్నరు" అంది.

అప్పుడు నాకు ఆ మాట నచ్చలేదు. తలకు ఏదో తొడిగి పిల్లను వీధిలోకి పంపడమంటే, పడమని పంపినట్టే అనిపించింది. అయినా మర్నాడు ఆమె వెంట ఫోమ్ దుకాణానికి వెళ్ళాను. గోడలకు షీట్లు కొనాలనే నా లోపలి ఆలోచన.

పిల్లల హెల్మెట్లు దొరకవా అని మీరు అడగవచ్చు. సైకిల్ హెల్మెట్ ఒకటి తెచ్చి చూశాం. అది వెన్నెల నుదుటి మీదికి దిగేది కాదు, ఆమెకు దెబ్బలన్నీ నుదుటికే. స్కూటర్ హెల్మెట్ బరువుకు మెడ వాలిపోయేది. ఏప్రిల్ ఎండకు లోపల చెమట ధారకట్టేది. డాక్టరు చెప్పిన అసలు టోపీ ఎక్కడినుంచో తెప్పించాలి, కొలతలు పంపాలి, అది వచ్చేదాకా నెలలు. ఆ లోపల మనమే ఒకటి కుట్టుకుందామని ఖాలా పట్టు.

దుకాణంలో ఆమె ప్రతి స్పాంజినీ బొటనవేలితో నొక్కేది. దుకాణదారు తెల్లటి, మేఘంలాంటి స్పాంజి చూపించి "గిది నంబర్ వన్ మెత్తన" అన్నాడు. ఇద్దరం దాన్నే తీసుకున్నాం. మెత్తగా ఉంటే చాలనుకున్నాం. ఇంటికొచ్చి ముక్కలు కోసి, సొల్యూషన్‌తో అంటించి గిన్నెలా చేశాం. ఖాలా దాన్ని తన తల మీద బోర్లించుకుని, ఎవరూ ఆపేలోపల వెళ్ళి దర్వాజా చట్రానికి నుదురు కొట్టుకుంది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. ఆమె నుదురు రుద్దుకుంటూ వచ్చి కూర్చుని, "మెత్తటిది నమ్మరాదు. అడుగుదాక పోనిస్తది" అంది. వెన్నెల పడీ పడీ నవ్వింది. కుట్లు పడ్డాక అది నవ్వడం అదే మొదటిసారి.

తరువాత రోజుల్లో మేము ఏమేమి కొనలేదని. ఫ్రిజ్ డబ్బాలోని థర్మకోల్ ఒక్క దెబ్బకే ముక్కలైంది. బస్సు సీట్లలో వేసే రంగురంగుల గట్టి ఫోమ్ ఇటుకంత బరువుండేది. చివరికి చెప్పుల అడుగుకు వాడే నల్లటి రబ్బరు షీటు పనికొచ్చింది. నొక్కితే దిగుతుంది, కానీ నెమ్మదిగా దిగుతుంది. పైన అది, లోపల తలకు తగిలేవైపు పలుచటి స్పాంజి, దానికి ఖాలా భర్త పాత మల్లు కుర్తా బట్ట. ప్రతి కొత్త టోపీకీ ఆమె తల, మా దర్వాజా. నేను వద్దంటే వినేది కాదు. "పిల్ల నెత్తి మీద చూస్తమా మరి?" అనేది. ఒక వారమంతా ఆమె నుదుటి మీద కమిలిన మచ్చ ఉండింది. వీధిలో ఎవరడిగినా మ్యాచ్ ఓడిపోయారని కొట్టుకున్నానని చెప్పేది.

సొల్యూషన్‌తో అంటించిన ముక్కలు ఎండకు జారిపోయేవి. ఒక మధ్యాహ్నం టోపీని పిట్టగోడ మీద మరచిపోయాం. తెచ్చి చూస్తే అతుకులన్నీ ఊడి పక్కకు ఒరిగిపోయాయి. అప్పుడు జిగురు మానేసి, ఒక్కో ముక్కకు ఒక్కో గుడ్డ సంచి కుట్టి, సంచుల మధ్య గాలి ఆడేందుకు సందు వదిలాం. మిషన్ మీద నేను కూర్చునేదాన్ని. ఖాలా ఎదురుగా కింద కూర్చుని ముక్కలు అందించేది. అలా కుడుతున్న ఒక మధ్యాహ్నమే ఆమె తన చెల్లెలి సంగతి చెప్పింది. వెన్నెల పక్కనే నిద్రపోతోంది.

"మా నస్రీన్‌కు గూడ గిదే బీమారి ఉండె" అంది, చేతిలోని కత్తెర ఆపకుండా. "మేం హుజూరాబాద్‌ల ఉన్నప్పుడు. మా అబ్బాకు అదంటే పాణం. దానికి ఒక అర్ర చేయించిండు. నాలుగుదిక్కుల పరుపులే. కిటికీకి గూడ పరుపు కట్టిండు. ఒక్క దెబ్బ తాకలే పద్మా దానికి, సచ్చెదాక. ఒక్క దోస్తు గూడ లేకుండె."

నేను మిషన్ ఆపాను. ఆమె తలెత్తలేదు.

"నేను బడికెళ్ళి వచ్చినంక బడిల ఏమైందో రోజు అడిగేది. నేను ఆటకు ఉర్కాలె గదా, సగం చెప్పి ఉర్కేది. నా పెండ్లి గూడ అది కిటికీ పరుపు సందుకెళ్ళి చూసింది." కోసిన ముక్క నా చేతికిచ్చి, "కుట్టు కుట్టు. ఎండ పోతున్నది" అంది.

ఆ సాయంత్రం ముందుగదిలోని పరుపులన్నీ నేనే తీసి మేడ మీదికి చేరవేశాను.

అసలు కష్టం టోపీని గడ్డం కింద బిగించే దగ్గర వచ్చింది. అది పిల్ల పడేటప్పుడు ఊడకూడదు. పడ్డాక, గొంతు దగ్గర వదులు చేయాల్సి వస్తే, ఎవరైనా ఒక్క చేత్తో వెంటనే విప్పగలగాలి. ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి పనికొచ్చేది కాదు. వెల్క్రో పెడితే వెన్నెల జుట్టు అందులో ఇరుక్కునేది. పైగా ఆ పర్రుమనే చప్పుడు నచ్చి, రోజంతా పీకుతూ పెడుతూ ఉండేది. టిక్ బటన్లు కాస్త లాగితే ఊడేవి. నాడా కడితే ముడి బిగుసుకుపోయి, ఒకసారి నా గోళ్ళు విరిగినా రాలేదు. ఆరోజు నాడాను కత్తెరతో కోయాల్సి వచ్చింది. చివరికి పాత బడిసంచి పట్టీకి ఉండే ప్లాస్టిక్ బకిల్ కోసి పెట్టాం. అది గడ్డం కింద చర్మాన్ని కొరికేది. ఖాలా దాన్ని చెవి కిందికి జరిపి, దాని కింద ఒక మెత్తటి గుడ్డ నాలుక కుట్టింది. తొడిగి, "లాగు" అంది. గట్టిగా లాగాను, రాలేదు. "ఇప్పుడు విప్పు" అంది. రెండు వేళ్ళతో నొక్కగానే విడిపోయింది. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె లేచి వెళ్ళి చాయ్ పెట్టింది.

బడికి కూడా ఖాలానే మా వెంట వచ్చింది. ప్రిన్సిపాల్ మేడం టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, "మిగిలిన పేరెంట్స్ ఏమనుకుంటారు, మాకు బాధ్యత ఉంటుంది కదా" అన్నారు. నేను అప్పటికే లేవబోతున్నాను. ఖాలా కుర్చీలో ఇంకాస్త వెనక్కి ఆనుకుని కూర్చుంది. "మేడం, పిల్ల పడ్తది. పడదని మేం చెప్తలేం. పడ్డప్పుడు పక్కకు తిప్పి పండవెట్టాలె, నోట్ల ఏం పెట్టొద్దు, చేతిల తాళాలు పెట్టొద్దు, లేచినంక నీళ్ళియ్యాలె. గంతే. గది గిన మీ టీచర్లకు కష్టమైతె నేనే వచ్చి గేటు కాడ కూసుంట. నాకు ఇంట్ల ఏం పని లేదు" అంది. నిజంగానే కూర్చుంటుందని మేడంకు ఆ గొంతు వింటే అర్థమైనట్టుంది. సోమవారం నుంచి పంపమన్నారు.

పంపాక కొన్ని రోజులకే ఫోన్ వచ్చింది. వెన్నెల ప్రార్థన లైనులో పడింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి అది స్టాఫ్ రూములో బెంచీ మీద కూర్చుని బిస్కట్ తింటోంది. పక్కన దాని క్లాసు పిల్ల ఒకతె నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది. టోపీ నుదుటి మీద ఎర్రమట్టి అంటింది. కింద చర్మం మీద గీత కూడా లేదు. "అమ్మా, నువ్వెందుకచ్చినవ్? ఇంగ తెలుగు పీరియడ్ ఉన్నది" అంది. ఇంటికి ఒక్కదాన్నే తిరిగొచ్చి ఖాలా ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. "ఏడ్వు. జర మంచిగ ఏడ్వు. గని రేపు మళ్ళ పంపాలె" అంది.

పంపాను. ఆ రోజు తరువాత కూడా వెన్నెల చాలాసార్లు పడింది. పెరిగిన కొద్దీ టోపీ సంచులు విప్పి పెద్దవి కుట్టాం. ఆ తరువాత సంవత్సరం నేను మళ్ళీ ల్యాబ్ పనికి వెళ్ళడం మొదలుపెట్టాను. మందులు కూడా మెల్లగా పట్టాయి. ఫిట్స్ మొదట నెలకు, తరువాత ఎప్పుడో ఒకసారికి తగ్గాయి. ఐదో తరగతిలో ఉండగా డాక్టరు ఇక టోపీ అవసరం లేదన్నాడు.

దాదాపు అప్పుడే ఖాలాకు మోకాళ్ళు పూర్తిగా పోయాయి. కొడుకు వచ్చి ఆదిలాబాద్ తీసుకుపోయాడు. సామాను లారీ ఎక్కుతుంటే ఆమె మా వాకిట్లో కుర్చీలో కూర్చుని, టీవీ సరిగ్గా కట్టారా లేదా అని మాత్రమే అరుస్తూ ఉండింది. వెళ్ళేముందు నన్ను దగ్గరికి తీసుకోలేదు. నాకూ ఆమెకూ అలవాటు లేదు.

వెన్నెలకు పద్నాలుగేళ్ళప్పుడు ముగ్గురం ఆదిలాబాద్ వెళ్ళాం. చలికాలం. ఖాలా ఎండలో మంచం వేయించుకుని, శాలువా కప్పుకుని ఉంది. ఇంకా ఎండిపోయింది. గొంతు తగ్గింది. వెన్నెలను పక్కన కూర్చోబెట్టుకుని, దాని కనుబొమ్మ మీది పాత గీతను వేలితో తడిమింది.

"టోపీ ఉన్నదా బేటా?"

వెన్నెల నావైపు చూసింది. నేను ఉందని చెప్పమన్నట్టు సైగ చేశాను. అది నా కూతురైనా ఖాలా చేతుల్లో పెరిగిన పిల్ల. అబద్ధమాడలేదు.

"పారేసిన ఖాలా. నాకది మంచిగనిపియ్యకపోతుండె. పిల్లలు తట్టనెత్తి అని నవ్వెటోళ్ళు. నేను ఇంట్లకెళ్ళి పెట్టుకోని పోయి, బడిల తీసి సంచిల పెట్టుకుంటుంటి. చానాసార్లు."

ఇన్నేళ్ళూ ఆ టోపీ పుణ్యమే అనుకున్నాను. ఖాలా ఏమంటుందోనని భయపడ్డాను. ఆమె శాలువాలో కదిలిపోయేట్టు నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, శ్రీనివాస్ నీళ్ళందించాడు.

"నాకు తెల్వదా" అంది, కళ్ళు తుడుచుకుని. "మీ మేడం ఓపారి ఫోన్ చేసి చెప్పింది. గది నీకోసం ఎక్కడ కుట్టిన బేటా? నీకు కొంచెం, మీ అమ్మకు మస్తు. గది నీ నెత్తి మీద లేకపోతె మీ అమ్మ నిన్ను గేటు దాటనిస్తుండెనా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కానీ వచ్చేటప్పుడు బస్సులో, కిటికీ పక్కన వెన్నెల నిద్రపోతుంటే, ఆ మాట నాకు నెమ్మదిగా దిగింది. దర్వాజాకు నుదురు కొట్టుకున్నవన్నీ, బొటనవేలితో నొక్కి చూసినవన్నీ, ఆమె ఎవరిని దెబ్బ తగలకుండా కాపాడడానికి చేసిందో అప్పుడు తెలిసింది. మరుసటి ఎండాకాలం ఖాలా పోయింది. మేము వెళ్ళేసరికి అంతా అయిపోయింది. కొడుకు మమ్మల్ని కబరస్తాన్ గేటు దాకా తీసుకెళ్ళి, లోపల ఆమె సమాధి ఎటువైపో చేత్తో చూపించాడు.

వెన్నెల ఇప్పుడు వరంగల్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ మధ్యనే ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, ఇంట్లో ఏం కూర అని అడిగి, నాన్న ఎలా ఉన్నాడని అడిగి, ఆ తరువాత అంది. "అమ్మా, బుధవారం మెస్‌ల ఫిట్స్ వచ్చింది."

నేను స్టవ్ కట్టేశాను.

"చెప్తే వస్తవని చెప్పలే. దోస్తులు పక్కకు తిప్పి పండవెట్టిండ్రు. మోచేయి కొట్టుకపోయింది, గంతే. డాక్టర్‌కు నేనే ఫోన్ చేసిన, గోళీ మార్చిండు. రేపు పరీక్ష ఉన్నది. రాకు."

"సరే" అన్నాను. "పరీక్ష మంచిగ రాయి."

ఇప్పుడు ఊళ్ళోనే పనిచేస్తున్న శ్రీనివాస్ పక్కనే వింటున్నాడు, అప్పటికే బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. వద్దని తల ఊపాను. ఆయన నన్ను వింతగా చూశాడు. నేను వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఎదురింట్లో ఇప్పుడు ఎవరో బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఉంటోంది. వాళ్ళ పిల్లవాడు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. మంచివాళ్ళే. పండగలకు స్వీట్లు పంపుతారు. కానీ రోడ్డు దాటి వెళ్ళి, పిల్ల పడ్డది, నేను పోలేదు అని నేను చెబితే, అందులో ఏడవాల్సింది ఎంతో, గర్వపడాల్సింది ఎంతో తెలిసిన మనిషి ఆ ఇంట్లో లేదు. ఈ ఊళ్ళోనే లేదు. వీధి లైట్లు వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను, బస్టాండు వైపు మాత్రం పోలేదు.